పాట మిగలాలా, పేరు మిగలాలా

స్టూడియో: వాద్యం పట్టినవాడు చివరికి లెక్క చెప్పుకోవలసింది ఒక్కదానికే తమ్ముడూ, తను వాయించింది ఎలా ఉందన్నదానికి. ఆ లెక్క తేలేది రికార్డింగ్ గదిలోనే. అక్కడ చప్పట్లు లేవు, లైట్లు లేవు, జనం ఇచ్చే ఊపు లేదు. హెడ్‌ఫోన్‌లో క్లిక్ పడుతుంటుంది, ఎదురుగా నొటేషన్ కాగితం ఉంటుంది, నీ వంతు నాలుగు బార్ల బిట్. కమాను ఒత్తిడి కాస్త మారినా, శ్రుతి వెంట్రుకవాసి జారినా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. కచేరీలో ఆ జారుడును డ్రమ్ము కప్పేస్తుంది, ఈలలు కప్పేస్తాయి. చెయ్యి తిరుగుతున్న వయసులో కుర్రాణ్ని ఆ హోరులోకి తోస్తే, తన తప్పు తనకు వినిపించకుండానే పెద్దవాడైపోతాడు.

స్టేజీ: తప్పు వినిపించడం గొప్పే మాస్టారూ. వినిపించాక మీరేం చేస్తారు? ఇంకో టేక్ అంటారు. ఇప్పుడైతే ఆ కష్టమూ లేదు, ఇంజనీరు కంప్యూటర్లో ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని పైకి జరుపుతాడు. మాకు ఇంకో టేక్ లేదు. గాయకుడు మొదటి చరణం బదులు రెండోది ఎత్తుకున్నాడనుకోండి, కీబోర్డు, బేస్, ప్యాడ్స్ ఒక్క చూపులో మాట్లాడుకుని అతని వెనక చేరాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు డ్రమ్ము ఒక్కటే పాటను మోయాలి. జనం లేచి ఆడుతుంటే చివరి పల్లవిని మరికొన్నిసార్లు తిప్పాలి, ఎక్కడ ఆపాలో వాళ్ల కాళ్లను చూసి తెలుసుకోవాలి. తప్పు లేకుండా వాయించడం ఒక విద్య. తప్పు జరిగాక పాటను పడిపోనివ్వకపోవడం ఇంకో విద్య. రెండోది మీ గదిలో ఎవరు నేర్పుతారు?

స్టూడియో: ఒకప్పుడు గదిలోనే నేర్పేవారు. మద్రాసు స్టూడియోల్లో ట్రాకులు విడివిడిగా లేని రోజుల్లో గాయకుడు, వయొలిన్లు, తబలా, ఫ్లూటు అందరూ ఒకేసారి అందుకోవాలి. చివరి చరణంలో ఎవరు తడబడినా పాట మొదటికొచ్చేది. తన ఒక్కడి వల్ల అంతమంది శ్రమ వృథా కాకూడదని ప్రతివాడూ చెవులు రిక్కించి వాయించేవాడు. ట్రాకులు పెరిగాక, 1983లో మిడి వచ్చి కీబోర్డులూ యంత్రాలూ ఒకదానికొకటి కలిశాక, మనుషులు కలిసి వాయించడం పలచబడింది. ఒకే పాటలో ఉన్న ఇద్దరు వాద్యకారులు ఇవాళ ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. అది నష్టమే, కాదనను. కాని గది ఇచ్చిన ఇంకో వరాన్ని మరిచిపోకు. 1955లో వచ్చిన మిస్సమ్మలో ఏ.ఎం. రాజా గొంతు విను. గొంతు పెంచకుండా, పక్కన కూర్చుని చెబుతున్నంత మెల్లగా పాడాడు. ఆ మెత్తదనం మైకు దగ్గర, గోడల మధ్య, ఊపిరి కూడా వినిపించేంత నిశ్శబ్దంలోనే సాధ్యం. మైదానంలో ఆ గొంతు మూడో వరుస దాకా కూడా చేరదు.

స్టేజీ: చేరేలా పాడినవాళ్లు మనకున్నారు కదా. పద్యనాటకాల రోజుల్లో మైకు లేకుండానే పందిరి చివర కూర్చున్నవాడి దాకా గొంతు వెళ్లేది. జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యం మళ్లీ, ఈసారి రాగం ఇంకాస్త సాగదీసి. పద్యం ఎంతసేపు ఉండాలో ఆ రాత్రి ఆ ఊరు నిర్ణయించేది. గ్రామఫోను వచ్చి ఏం చేసింది? 78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు. రాగాన్ని ఆ కొలతకు కత్తిరించుకున్నారు. యంత్రం కొలతకు పాట కుదించుకోవడం అప్పుడు మొదలై, ఇవాళ ఫోన్లో రీల్ కోసం ముందు హుక్ లైన్ చేసి, తర్వాత దాని చుట్టూ పాట కట్టేదాకా వచ్చింది. స్టేజీ మీద పాట ఎదురుగా ఉన్న మనుషుల కొలతకు సాగుతుంది.

స్టూడియో: ఆ ప్లేట్లు లేకపోతే ఆ రంగస్థల గాయకుల్లో ఒక్కరి గొంతు కూడా నీదాకా వచ్చేది కాదు. కత్తిరించినా దాచింది అదే. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. ఆయన కచేరీలు విన్నవాళ్లు ఒక్కొక్కరే తరిగిపోతున్నారు. కాని జీవితం చివరి ఘట్టంలో ఆయన రికార్డు చేసిన భగవద్గీత ఇప్పటికీ మన ఊళ్లలో మనిషి పోయిన ఇంటి ముందు మోగుతుంది. ఆ గొంతు ఎవరిదో తెలియని పిల్లాడు కూడా అది వినగానే ఆ వీధిలో ఏం జరిగిందో తెలుసుకుంటాడు. ఒక పాట జాతి అలవాటుగా మారడమంటే అదీ. ఏ కచేరీకి ఆ ఆయుష్షు ఉంది? నువ్వు నిన్న రాత్రి అద్భుతంగా వాయించావు, సరే. ఇవాళ అది ఎక్కడుంది?

స్టేజీ: విన్నవాళ్లలో ఉంది. సరే, ఘంటసాల గారి పేరే ఎత్తారు కనక అడుగుతున్నాను. ఆ గీత వెనక వాయించిన వాద్యకారుల పేర్లు ఎంతమందికి తెలుసు? గొంతు మిగిలింది, సంగీత దర్శకుడి పేరు మిగిలింది. కమాను పట్టినవాడు, వేణువు ఊదినవాడు ఏమయ్యాడు? మీ రంగం ఆనవాయితీయే అది. కాల్షీటుకు వచ్చారు, వాయించారు, సంతకం పెట్టి డబ్బు తీసుకుని వెళ్లారు. ఆ బిట్‌ను జనం ఏళ్ల తరబడి కూనిరాగం తీస్తారు, వాయించినవాడు అదే బస్సులో పక్కన కూర్చున్నా గుర్తుపట్టరు. మా దగ్గర ఎంత చిన్న ఊళ్లోనైనా పాటల మధ్యలో లీడర్ మైకు తీసుకుని ఒక్కొక్కరి పేరూ చెబుతాడు. కీబోర్డు ఫలానా, ప్యాడ్స్ ఫలానా, గిటార్ ఫలానా అని. వాళ్లు చిన్న బిట్ వాయిస్తారు, జనం చప్పట్లు కొడతారు. ఆ పేరు ఆ మండలం దాటకపోవచ్చు. కాని ఆ మండలంలో అతను మనిషి.

స్టూడియో: ఈ దెబ్బ నాకు తగిలింది, ఒప్పుకుంటాను. చట్టం కూడా ఈ విషయంలో మాకు అరకొరగానే తోడొచ్చింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రదర్శకుడికి రాయల్టీ హక్కు ఇచ్చారు. మరుసటి ఏడు గాయకుల కోసం సంఘం పుట్టింది, తర్వాత అది వాద్యకారుల్నీ కలుపుకుంది. కాని ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదై, ఆ రంగం ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో కూడా పేరు వేయనిదైతే, చాలా హక్కుల విషయంలో అతను ప్రదర్శకుడిగా లెక్కకు రాడు. పల్లవికీ చరణానికీ మధ్య మేము వాయించే సంగీతం యాదృచ్ఛికమా, పాటకు ప్రాణమా అన్నది మేమే వాదించుకోవాలి. పేరు వేయకపోవడమే రివాజైన చోట, పేరు లేకపోవడమే హక్కుకు అడ్డం పడే అవకాశం ఉంది. అది అన్యాయం. అయితే ఆ అన్యాయం గదిది కాదు, గదిని నడిపే పద్ధతిది. పద్ధతి మార్చుకోవచ్చు, పేర్లు వేయమని పట్టుబట్టవచ్చు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీ ఆర్కెస్ట్రా రాత్రంతా వాయించే పాటలు ఎవరివి? ప్రతి ఒక్కటీ ఏదో ఒక స్టూడియోలో పుట్టిందే. మేము పేరు లేకుండా వాయించిన బిట్లనే మీరు పేరు చెప్పుకుని వాయిస్తారు. 2017లో ఎస్పీ బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లింది. ఆ పాటలకు గొంతిచ్చిన మనిషే వాటిని పక్కన పెట్టి మిగతా కచేరీలు కొనసాగించాల్సి వచ్చింది. ఆ ప్రశ్న ఆయన దాకా వచ్చినప్పుడు మీ దాకా రాదా?

స్టేజీ: రావాలి కూడా. పాట కట్టినవాడికి దక్కాల్సింది దక్కాలి, దానికి నిర్వాహకుడు లైసెన్సు తీసుకోవాలి. చాలాచోట్ల తీసుకోరు, మేమూ అడగం. అది మా వైపు తప్పే. కాని అరువు ఒకవైపే నడవడం లేదు మాస్టారూ. సినిమా రికార్డింగుకు కొత్త గొంతు కావాల్సి వస్తే ఎక్కడ వెతుకుతున్నారు? చౌరస్తా బ్యాండుతో జనం ముందు పాడిన రామ్ మిరియాల గొంతే 2021లో జాతిరత్నాలు సినిమా పాటలో వినిపించింది. హైదరాబాద్ గల్లీల భాషలో సొంత పాటలు చేసుకుని పేరు తెచ్చుకున్న రాహుల్ సిప్లిగంజ్ నాటు నాటుకు గొంతిచ్చాడు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ ఇచ్చినప్పుడు రికార్డింగ్ వాళ్ల దగ్గర లేకనా? ప్రపంచమంతా అప్పటికే వినేసింది. అయినా రాహుల్‌నీ, అతనితో కలిసి ఆ పాట పాడిన కాలభైరవనీ వేదిక ఎక్కించి పాడించారు. ఎంత గొప్ప రికార్డింగైనా చివరికి ఎదురుగా మనిషి నిలబడి పాడితే చూడాలన్న కోరిక తీర్చలేదు.

స్టూడియో: కోరిక నిజమే. దాని ఖరీదు గురించే నా అసలు భయం. వినడానికి వచ్చినవాడి ముందు, వినడానికే పనికొచ్చే చెవిని పోగొట్టుకుంటున్నారు మీరు. పని చేసే చోట ఎనభై అయిదు డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలకు మించి ఉండొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఉండదగ్గ సమయం సగమవుతుంది. ఆ లెక్కన వంద డెసిబెల్స్ దగ్గర పావుగంట. వినోద వేదికల్లో సగటు శబ్దం వంద దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, అది కూడా ప్రేక్షకుడిని దృష్టిలో పెట్టుకుని. ప్రేక్షకుడు ఏడాదికి ఒకట్రెండు సార్లు వస్తాడు. సింబల్స్‌కు మూరెడు దూరంలో, పక్కన మానిటర్ స్పీకరు పెట్టుకుని గంటల తరబడి కూర్చునేది నువ్వు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. ముందు పోయేవి పై స్థాయి స్వరాలు. అంటే ఫ్లూటు ఊపిరి, తంబురా జీర, వయొలిన్ కమాను తీగను తాకే అలికిడి. నువ్వు సంగీతంలోకి వచ్చిందే వాటి కోసం.

స్టేజీ: ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత, పొద్దున్నకు తగ్గడం, కొన్నేళ్లకు తగ్గకపోవడం మాలో చాలామందికి తెలిసిన సంగతే. దాన్ని చిన్నది చేయను. కాని వాల్యూమ్ నాచేతుల్లో ఉందనుకోవడం సరికాదు. ముందు వరుసలో కమిటీవాళ్లు కూర్చుంటారు. రెండు పాటలవగానే ఒకరు లేచి సౌండ్ చాలట్లేదు అంటారు. సౌండ్ సిస్టం వాడిది వేరే కాంట్రాక్టు. అతని గొప్ప బాక్సుల ఎత్తుతోనే కొలుస్తారు. ఆరుబయట గోడలుండవు, శబ్దం తిరిగి రాదు. వెనక జనరేటర్, పక్కన బజ్జీల బండ్లు, వేలమంది మాటలు. ఆ గోలకు పైన పాట నిలబడాలంటే కొంత పెంచక తప్పదు.

పైగా పెంచడం పాపమేం కాదు మాస్టారూ. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్‌కు కరెంటు పెట్టుకున్నాడు కనకే ఆ చిన్న వాద్యం కర్ణాటక సంగీతంలో గమకం పలికింది, పెద్ద సభల్లో నిలబడింది. స్పీకరే లేకపోతే ఆ అద్భుతం మనకు దక్కేది కాదు.

స్టూడియో: ఆయన పెంచింది గమకం వినిపించడానికి. బాక్సులు పేర్చేవాడు పెంచేది ఛాతీ అదరడానికి. రెంటికీ వైరు ఒక్కటే, ఉద్దేశం వేరు. శబ్దం మన ఊరేగింపులకు కొత్తదని కూడా నేననను. డప్పు ఉంది, సన్నాయి మేళం ఉంది, బ్యాండు మేళం ఉంది, హైదరాబాద్‌లో మర్ఫా ఉంది. వాటి మోత తక్కువేం కాదు. కాని డప్పు కొట్టేవాడి చెయ్యి నొస్తుంది, సన్నాయి ఊదేవాడికి ఊపిరి చాలదు. మనిషి అలుపే ఆ శబ్దానికి హద్దు. మధ్యలో ఆగాలి, మంచినీళ్లు తాగాలి, ఆ కాస్తసేపు వీధికి నిశ్శబ్దం దొరుకుతుంది. స్పీకరుకు అలుపు లేదు. అందుకే దానికి హద్దు మనిషే పెట్టాలి.

ఆ హద్దు అవతల ఉన్నవాళ్లను కూడా తలుచుకో. టికెట్ కొన్నవాడు, పందిట్లోకి నడిచి వచ్చినవాడు తన ఇష్టంతో వచ్చాడు. పక్కింట్లో గుండె ఆపరేషన్ అయి పడుకున్న పెద్దాయన, తెల్లారితే పరీక్ష ఉన్న పిల్ల రాలేదు. నేను గదిలో రాత్రంతా వాయించినా, తలుపు బయట ఉన్నవాడి నిద్ర చెడదు.

స్టేజీ: వాళ్లను తలుచుకోకుండా ఏ కళాకారుడూ ఉండకూడదు. కాని రూల్ కాగితం మీద ఏముందో, ఊళ్లో ఏముందో రెండూ చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు యాభై అయిదు డెసిబెల్స్, రాత్రి నలభై అయిదు. ఆరుబయట లౌడ్‌స్పీకర్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పెట్టకూడదు. పండుగల కోసం ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. మంచి నిబంధనే. కాని ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై దాకా వెళుతుంది. మైకు లేకుండా డ్రమ్ముల మీద ఒక దెబ్బ వేస్తే ఆ గీత ఎక్కడో కిందుంటుంది. మరి మేం ఎక్కడ వాయించాలి? హైదరాబాద్‌కు రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ ఉన్నాయి. బెజవాడకు తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖకు కళాభారతి ఉన్నాయి. నియోజకవర్గ కేంద్రాలకు వెళ్లండి. కల్యాణ మండపాలు కనబడతాయి, శబ్దం బయటికి పోకుండా కట్టిన సంగీతం హాలు కోసం వెతకాల్సిందే. హాలు కట్టని ఊరు, మైదానంలో వాయించినవాణ్ని దోషిని చేస్తోంది.

ఇంకో మాట. 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ పెట్టొద్దని హైదరాబాద్ పోలీసులు ఆదేశించారు. డీజే బాక్సు వచ్చి మొదట కొట్టింది మా పొట్టే. బ్యాండు మేళాన్ని పిలిచే పెళ్లి ఊరేగింపుకు బాక్సుల బండి వచ్చింది. ఇప్పుడు శబ్దం మీద కోపం వస్తే జనం దృష్టిలో డీజేవాడూ నేనూ ఒకటే. వాయించేవాడికీ, మీట నొక్కేవాడికీ తేడా చెప్పేవాళ్లు లేరు.

స్టూడియో: చెప్పేవాళ్లు లేరు కాదు, చెప్పడం కష్టమయ్యేలా మీరే చేశారు. ఆర్కెస్ట్రా అని పిలిస్తే వచ్చేదెవరు? ఒకప్పటి బృందంలో వయొలిన్, ఫ్లూటు, క్లారినెట్, ట్రంపెట్, తబలా, డ్రమ్స్ ఉండేవి. ఇవాళ చాలాచోట్ల ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ల్యాప్‌టాప్‌లో మైనస్ ట్రాక్, ముందు ఇద్దరు గాయకులు. ట్రాక్ మీద పాడేది స్టేజీ మీద పాడినా ప్రత్యక్ష సంగీతం అనగలమా? గాయకుడు రెండో చరణం ఎత్తుకుంటే ట్రాకు అతని వెనక రాదు. ఇందాక నువ్వు చెప్పిన రెండో విద్య ఆ వేదిక మీద కూడా లేదు.

స్టేజీ: లేదు. అది మా ఓటమి. పన్నెండుమంది వాయించే చోట నలుగురికి సరిపడా డబ్బే ఇస్తామంటే, ఎనిమిదిమంది స్థానంలో ట్రాకు వచ్చింది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, మూఢంలో లేవు. వినాయక చవితి నుంచి దసరా దాకా, మళ్లీ సంక్రాంతికి, శ్రీరామనవమికి, జాతరలకు పని. మిగతా రోజులు ఆ పనిలోంచే తినాలి. రేటు బేరమాడితే వదులుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అయినా చేతికి రోజు కూలి అక్కడే దొరుకుతుంది. మీ గదిలో ఇప్పుడు వయొలిన్లు ఎన్ని కాల్షీట్లకు పిలుస్తున్నారు? శాంపిల్ లైబ్రరీలో ఆర్కెస్ట్రా అంతా ఉంది. గొంతు కూడా యంత్రం పుట్టిస్తోంది. గదిలో చేసే పనిని గదిలోనే ఉండే యంత్రం లాక్కోవడం తేలిక. మైదానంలో చెమట పట్టి వాయించేవాణ్ని లాక్కోవడం అంత తేలిక కాదు.

స్టూడియో: 2020ని మరిచిపోయావా? లాక్‌డౌన్‌లో పండుగలు ఆగాయి, పెళ్లిళ్లు పదిమందితో జరిగాయి, ప్యాడ్స్ ఇంట్లో మూలన పడ్డాయి. అప్పుడు ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్న వాద్యకారుడు ఇంట్లోంచి బిట్ వాయించి పంపగలిగాడు. స్టేజీ మనుషుల మీద ఆధారపడుతుంది, అదే దాని బలం. మనుషులు కలవలేని రోజు అదే దాని బలహీనత. అంతెందుకు, కరీంనగర్, వరంగల్ వైపు చిన్న చిన్న స్టూడియోల్లో ఎన్ని జానపదాలు రికార్డవుతున్నాయో చూడు. బతుకమ్మ పాట, వినాయకుడి పాట, ప్రేమ పాట. సినిమా గేటు దగ్గర నిలబడే పని లేకుండా, సొంత యాసలో పాడి యూట్యూబ్‌లో పెడుతున్నారు. పల్లెలో పాడే ఆడబిడ్డ గొంతు దుబాయ్‌లో పనిచేసే అన్న వింటున్నాడు. గది ఇప్పుడు మద్రాసులో లేదు, పెద్దవాళ్ల చేతుల్లోనూ లేదు. ఊళ్లోనే ఉంది.

స్టేజీ: బాగా చెప్పారు, కాదనే మాట లేదు. కాని ఆ పాట హిట్టయ్యాక ఆ అమ్మాయికి బతుకుతెరువు ఎక్కణ్నుంచి వస్తోంది? జాతర వేదిక మీంచి, కాలేజీ ఫంక్షన్ మీంచి. రికార్డింగ్ ఆమె ముఖం ఊరూరికీ చూపించింది, ఊళ్లు ఆమెను పిలిచాయి. మీరు పాటను ఎంత దూరమైనా పంపండి, అన్నం పెట్టేది మనిషి మనిషిని చేరినప్పుడే.

స్టూడియో: అందుకే ఆమె చెవులు, గొంతు జాగ్రత్త అంటున్నాను. రోజూ హోరు మీద అరిచి పాడితే రెండేళ్లలో ఆ రికార్డింగులో ఉన్న గొంతు ఆమె దగ్గరే ఉండదు. నేను స్టేజీకి వెళ్లొద్దని ఇక అనను. నీ మాటలు విన్నాక ఆ మొండితనం తగదు. నాదొక్కటే షరతు. వేదిక మీద శబ్దం ఎంతుండాలో వాయించేవాడు చెప్పాలి, కమిటీ కాదు, బాక్సుల కాంట్రాక్టర్ కాదు. వాద్యకారులు వాడే చెవి ప్లగ్గులు ప్రతివాడూ పెట్టుకోవాలి. సౌండ్ చాలట్లేదన్నవాడికి, ఇంతే అని చెప్పి వాయించగలగాలి. అలా చెప్పలేనివాడు ఆ ప్రోగ్రాం ఒప్పుకోకూడదు.

స్టేజీ: ఒప్పుకోకపోతే రేపు ఇంకొకడు ఒప్పుకుంటాడు, వాడు ఇంకా పెంచుతాడు. ఒక్కడు కాదనడం కాదు, అందరం కలిసి కాదనాలి. మాకు అంతటి సంఘబలం ఇంకా రాలేదు. నాదీ ఒక షరతు ఉంది. రికార్డింగులో వేలు కదిపిన ప్రతివాడి పేరూ పాటతోపాటు వెళ్లాలి. ఇప్పుడు పాట ఫైలుగా వెళుతోంది, అందులో పేర్లు రాయడానికి కాగితం ఖర్చు కూడా లేదు. పేరు వేయరంటే మీరు కాల్షీటు వదులుకోవాలి.

స్టూడియో: వదులుకుంటే శాంపిల్ లైబ్రరీ వాయిస్తుంది. దానికి పేరు అక్కర్లేదు.

స్టేజీ: చూశారా, నాకు చెప్పిన ధైర్యం మీ దగ్గరా లేదు.

స్టూడియో: లేదు. ఒకవేళ రెండు షరతులూ నెరవేరాయే అనుకుందాం. నీ చెవి నిలిచింది, నా పేరు నిలిచింది. అప్పుడైనా మన మాట కలుస్తుందా? నాకు నమ్మకం లేదు. నేను వాయించేది ఎదురుగా లేనివాడి కోసం. నేను పోయాక పుట్టేవాడి కోసం కూడా. వాడు ఎప్పుడు విన్నా ఆ నాలుగు బార్లూ చెక్కుచెదరకుండా ఉండాలి. ఆ బాధ్యత ముందు ఇవాళ్టి చప్పట్లు నాకు చిన్నవి.

స్టేజీ: నాకు ఎదురుగా ఉన్నవాడే పెద్దవాడు. పగలంతా మిరప కోసి, సాయంత్రం పిల్లల్ని చంకనేసుకుని వచ్చి నేల మీద కూర్చున్న మనిషికి ఈ రాత్రి ఒక్కటే ఉంది. పుట్టబోయేవాడి కోసం ఆమెను కాచుకోమనలేను. మీరు దాచిన పాట ఎంత గొప్పదైనా, ఆమె ఆడితే నేను పల్లవి ఇంకోసారి తిప్పుతాను. మీ రికార్డు తిప్పదు.

స్టూడియో: తిప్పదు. అది అందరికీ ఒకేలా ఉంటుందని మాటిచ్చింది.

స్టేజీ: నేను ఏ ఇద్దరికీ ఒకేలా ఉండనని మాటిచ్చాను. మన దగ్గర నేర్చుకునే పిల్లలకు ఈ రెండు మాటలూ చెబుదాం మాస్టారూ. రెండూ నిలబెట్టుకోవడం ఒక మనిషి వల్ల అవుతుందో కాదో వాళ్లే మనకు చూపించాలి.